ఎడమచేతి గీతలు

ముప్పై ఒకటో గీత సగంలో ఉండగా వాకిట్లో కారు ఆగిన చప్పుడు వినిపించింది. నాదీన్ ఆకురాయి ఎత్తలేదు. గీత మధ్యలో ఎత్తితే మళ్ళీ దించేటప్పుడు ఉక్కు ఒప్పుకోదు. ఊపిరంతా వదిలి, చివరంటా తోసి, అప్పుడు తలెత్తింది.

ఏప్రిల్ నెల. నది మీంచి లేచిన పొగమంచు పొద్దు తొమ్మిదైనా విడలేదు. కిటికీ బయట డాగ్‌వుడ్ చెట్ల తెల్లపూలు మాత్రం, కొమ్మలతో సంబంధం లేనట్టు, గాలిలో నిలబడి ఉన్నాయి. ఓరిన్ టకెట్ తుపాకుల దుకాణంలో వెలుతురు సమంగా పడేది ఆ ఉత్తరపు కిటికీ దగ్గరే. అక్కడే నాదీన్ బల్ల. బల్లకి బిగించిన వైస్‌లో, తోలుముక్కల మధ్య పిస్తోలు ఫ్రేము తలకిందులుగా ఉంది. పాత సైన్యపు నమూనా, నలభై అయిదు కాలిబర్‌ది. పిడి ముందుభాగాన, మూడు వేళ్ళూ చుట్టుకునే చోట, నిలువు గీతలు ముందే పడ్డాయి. ఇప్పుడు అడ్డగీతలు పడుతున్నాయి. అంగుళానికి ఇరవై అయిదు. రెండు రకాల గీతలూ కలిసినచోట చిన్న చిన్న వజ్రాలు లేస్తాయి. ఒక్క గీత వెంట్రుకవాసి పక్కకి పోయినా ఆ వరసంతా వంకరే. ఉక్కు మీద రబ్బరు పెట్టి చెరపడం ఉండదు.

లోపలికి వచ్చినాయన లైల్ స్ట్రౌడ్. ఈ పిస్తోలు కోసం జాబితాలో పేరు రాయించుకుని అయిదేళ్ళయింది. టల్సా నుంచి నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వచ్చాడు. శుక్రవారం రమ్మంటే మంగళవారమే వచ్చేశాడు.

"ఆగలేకపోయాను టకెట్ గారూ. ఇటువైపు పనుంటే అలాగే తిరిగాను. ఇదేనా నాది?"

"ఇదే," అన్నాడు ఓరిన్. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. చేతులు రెండూ ఏప్రాన్ జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

"ముట్టుకోవచ్చా?"

ఆ మాట ఓరిన్‌నే అడిగాడు. నాదీన్ పక్కకి జరిగింది. స్ట్రౌడ్ బొటనవేలితో ఆ గీతల మీద నిమిరి కళ్ళు మూసుకున్నాడు.

"అబ్బా! ఇప్పుడంతా మిషన్లు కోస్తున్నాయి. చూడ్డానికి బాగానే ఉంటాయి, వేలు పెడితే ప్రాణం ఉండదు. ఇది చూడండి... మీ చెయ్యి చెయ్యే!"

"ఊఁ," అన్నాడు ఓరిన్.

స్ట్రౌడ్ కళ్ళు తెరిచాక నాదీన్ కనిపించింది. "ఈవిడ?"

"నాదీన్. దుకాణం సర్దిపెడుతుంది."

"అదృష్టవంతురాలివమ్మా. ఇంత పెద్దమనిషి పక్కన పని చెయ్యడమంటే మాటలా!" అని, "ఓ కప్పు కాఫీ దొరుకుతుందా?" అన్నాడు.

ఓరిన్ ఆవిడ వైపు చూడలేదు. "రెండు తీసుకురా, నాదీన్," అన్నాడు.

ఆవిడ కాఫీ పోసి తెచ్చింది. పొద్దున్నుంచి ఉక్కుపొడిలో ఉన్న వేళ్ళతో పట్టుకుంటే, తెల్లటి కప్పు మీద నాలుగు నల్లటి ముద్రలు దిగాయి. స్ట్రౌడ్ జేబురుమాలు తీసి వాటిని శ్రద్ధగా తుడిచి, అప్పుడు తాగాడు.

ఆయన వెళ్ళాక ఓరిన్ దుకాణంలో రేడియో గొంతు తగ్గించాడు.

"ఎంతవరకు వచ్చావ్?" అన్నాడు.

"ముప్పై ఒకటి."

"శుక్రవారానికి అవుతుందా?"

"అవుతుంది."

 ఆవిడ కుర్చీలో కూర్చుని ముప్పై రెండో గీతకి ఆకురాయి ఆనించింది. మూడున్నరేళ్ళుగా ఇదే కుర్చీ, ఇదే కిటికీ. అంతకుముందు పళ్ళసెట్లు చేసే ల్యాబులో పద్దెనిమిదేళ్ళు మైనం చెక్కిన చేతులు అవి. ల్యాబు మూతపడ్డాక, పనికి మనిషి కావాలని ఓరిన్ బోర్డు పెట్టాడని తెలిసి వచ్చింది. పని నేర్పింది ఆయనే. పక్కన నిలబడి నోటితో చెప్పేవాడు. మోచెయ్యి పక్కటెముకకి ఆనాలి, బరువు నడుం నుంచి రావాలి, ఆకురాయి పాడే పాట మారిందంటే పళ్ళలో పొడి ఇరుక్కుందని అర్థం. ఆయన ఒక్కసారి కూడా ఆకురాయి పట్టి చూపించలేదు. వణుకుతున్న చేతులు చూపించడానికి సిగ్గుపడుతున్నాడనుకుని ఆవిడ అడగలేదు.

గీతలు ఒకదాని వెనక ఒకటి పడుతూ ఉంటే ఆవిడకి ఒక దశలో వేళ్ళు తెలియవు. దున్నిన పొలాన్ని ఎంతో ఎత్తునుంచి చూస్తున్నట్టుంటుంది. చాళ్ళు, చాళ్ళు, వాటి అంచున మంచు, ఆ మంచులో ఎవరో నడిచి వెళుతున్నట్టు. కిటికీలో వెలుగు తెల్లగా ఉండి, పసుపుగా మారి, మళ్ళీ తెల్లబడుతుంది. తలెత్తితే మధ్యాహ్నం దాటిపోయి ఉంటుంది. ఆ రోజు మాత్రం ఆ పొలంలోకి వెళ్ళలేకపోయింది. సగం దారిలో ఒక తెల్లకప్పు అడ్డం వస్తూనే ఉంది.

బుధవారం ఓరిన్ చేతుల సంగతి చూపించుకోవడానికి స్ప్రింగ్‌ఫీల్డ్ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. పదింటికి వెండెల్ గేదర్ వచ్చాడు. ఊరి బళ్ళో నలభై ఏళ్ళు బ్యాండు మేళం నేర్పిన మాస్టారు. ఆ ఊళ్ళో బాకా పట్టుకున్న ప్రతివాడూ ఆయన చేత తిట్లు తిన్నవాడే. తలుపు దగ్గరే ఆగి తలని పక్కకి వాల్చి చూశాడు.

"కోడిలా పక్కచూపు చూస్తున్నాడేంటి ముసలాడు అనుకోకు తల్లీ. కళ్ళు నడిమధ్యలో చెడిపోయాయి. సూటిగా చూశానంటే మనుషులు మాయమైపోతున్నారు. పక్కనుంచి చూస్తే నువ్వున్నావు, నీ జుట్టుంది, జుట్టులో ఉక్కుపొడి ఉంది."

నాదీన్ నవ్వి కుర్చీ వేసింది. ఆయన సంచీలోంచి ఒక పాత పిస్తోలు తీసి, ఖాళీగా ఉందని ఆవిడకి చూపించి, బల్ల మీద పెట్టాడు.

"దీని మూతి దగ్గర గొట్టాన్ని పట్టి ఉంచే బుష్ లూజయింది. శనివారం షూటింగ్ లీగులో చివరిసారి కాలుద్దామని ఉంది. గురి కనపడదనుకో. ఆ నల్లటి చుక్కని పక్కకి పెట్టి, లేనిచోట కాల్చాలి. అయినా అలవాటైన చెయ్యి, ఎక్కడో అక్కడ తగుల్తుంది."

"ఎప్పటిది మాస్టారూ ఇది?"

"ఎనభై మూడు నాటిది. ఓరిన్ కట్టినవాటిలో పదో పదకొండో. దీన్ని చూసే కదా పత్రికలవాళ్ళు ఎగబడింది."

టకెట్ పాత పిస్తోళ్ళని ఆవిడ ఫోటోల్లో చూడటమే. ఇలా చేతిలోకి రావడం ఇదే మొదలు. విప్పింది. పైనుండే స్లయిడు వెనక్కి లాగితే నీళ్ళ మీద గాజుపలక జారినట్టు జారింది. అక్రోటు చెక్క పలకలు ఊడదీస్తే కింద గుండ్రంలో టీ అక్షరం, ఓరిన్ ముద్ర. నలభై ఏళ్ళ చెమటకి పిడి మీద వజ్రాల మొనలు గుండ్రబడ్డాయి, కానీ ఒక్కటీ రాలలేదు. భూతద్దం కంటికి పెట్టుకుని ట్రిగ్గర్ కింద, గీతలు ముగిసే చోటుకి వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

ప్రతి గీతా చివర సన్నటి తోక ఉంది, ఆకురాయి లేచి వెళ్ళేటప్పుడు వదిలే తోక. తనకీ పడుతుంది అది. తనది కుడిచెయ్యి, అందుకని ఎడమకి తిరుగుతుంది. ఇవన్నీ కుడికి తిరిగి ఉన్నాయి.

"మాస్టారూ, టకెట్ గారిది కుడిచెయ్యే కదా?"

"అవును. ఏం?"

"ఈ గీతలు ఎడమచేతివి."

గేదర్ మాస్టారు గట్టిగా నవ్వాడు. "ఓరిన్ గీశాడని నీకెవరు చెప్పారు? అది ఇమోజీన్ పని. వాళ్ళావిడ. నేను ఇదిగో ఇక్కడే నిలబడి చూశాను. నువ్వు కూర్చున్న కుర్చీలోనే కూర్చునేది. వాడు ఆ వారమంతా టర్కీ కోళ్ళ వేటకెళ్ళాడు. ఇది అయ్యేదాకా రోజూ బడి వదలగానే వచ్చి కూర్చునేవాణ్ణి. ఆవిడ ఆకురాయికి తాళం ఉండేది. నా డప్పుల పిల్లలకి ఎంత కొట్టుకున్నా రానిది."

"మరి... అన్నీ ఆవిడేనా?"

"ఒక్కటైనా వాడు గీయగా నేను చూడలేదు. ఊళ్ళో పాతవాళ్ళందరికీ తెలుసు. ఎవరూ అనుకోలేదంతే, ఇది చెప్పుకోవాల్సిన విషయమని." పిస్తోలు వైపు తల వాల్చాడు. "ఇప్పుడు నువ్వడిగితే అనిపిస్తోంది, చెప్పుకోవాల్సిందేమో అని."

ఇమోజీన్ పోయి ఆరేళ్ళు. ఆవిడ పోయాక, నాదీన్ రాకముందు, రెండున్నరేళ్ళపాటు ఈ దుకాణం నుంచి ఒక్క పిస్తోలూ బయటికి పోలేదు. టకెట్ తొందరపడే మనిషి కాదని జనం దాన్నీ గొప్పగానే చెప్పుకున్నారు.

మాస్టారు వెళ్ళాక నాదీన్ కొత్త బుష్ తీసి, మూతికి సరిపడేదాకా రుద్దుతూ కూర్చుంది. మంచు విడిపోయి కిటికీలో ఎండ వచ్చింది. పాత పిడి ఎడమచేత్తో పట్టుకుంది. గీతలు అరచేతికి అతుక్కున్నాయి, చిన్నపిల్లి నాలుకలా. ఈ కిటికీలోంచి ఈ చెట్లనే చూసి ఉంటుంది ఇమోజీన్. ఈ బల్ల అంచుకే మోకాలు తగిలించుకుని తిట్టుకుని ఉంటుంది. ఇన్నాళ్ళూ ఓరిన్ మాటల్లో తను విన్నది ఎవర్ని? మోచెయ్యి పక్కటెముకకి ఆనాలన్నప్పుడు, ఆయన కళ్ళ ముందున్న మోచెయ్యి ఎవరిది? ఎప్పుడూ చూడని మనిషి భుజం తన భుజం పక్కనే ఉన్నట్టనిపించి, నాదీన్ కుర్చీలో కొంచెం పక్కకి జరిగి కూర్చుంది.

గురువారం రంగు వేసే రోజు. వెనక కొట్టంలో మరుగుతున్న లవణాల తొట్టెలో, ఇనపబుట్టలో పెట్టిన స్ట్రౌడ్ పిస్తోలు ముక్కలు దించారు. ఉక్కు ఆ వేడిలో బూడిదరంగు వదిలి గోధుమరంగులోకి, దానిలోంచి నల్లనీలంలోకి నెమ్మదిగా వెళుతుంది. ఓరిన్ స్టూలు మీద కూర్చుని థర్మామీటరు కనిపెట్టుకుని ఉన్నాడు. ఆవిరి ఇద్దరి మధ్యా లేస్తోంది.

"ఇమోజీన్ గారిది ఎడమచేతివాటమా?" అంది నాదీన్.

ఆయన థర్మామీటరు దగ్గరికి వంగాడు.

"గేదర్ వచ్చాడన్నమాట."

"పిస్తోలు ముందే చెప్పింది. ఆయన తర్వాత చెప్పాడు."

"నీకు తెలీదు నాదీన్, ఆ రోజులు. ఆడమనిషి చేసిందంటే ఒక్కడు కొనేవాడు కాదు. చర్చిలో కేకులమ్మే చోట పెట్టుకోమనేవాళ్ళు."

"ఆ మాట ఆవిడ అందా?"

"అనలేదు."

"మీరు అడిగారా?"

తొట్టెలో లవణం చిటపటలాడింది. ఓరిన్ బుట్ట పట్టుకున్న కడ్డీని సరిచెయ్యబోయాడు. చెయ్యి వణికి కడ్డీ తొట్టెకి తగిలి గలగలలాడింది. నాదీన్ అందుకుని సరిచేసింది.

"లేదు," అన్నాడు. "కాఫీలో చక్కెరెంత అని అడిగాను. కాళ్ళు నొప్పిగా ఉన్నాయా అని అడిగాను. ముద్ర ఎవరి పేరున వెయ్యాలో అడగలేదు. ఆవిడా అడగలేదు. ముద్ర కొట్టే రోజు మాత్రం కొట్టంలో ఉండేది కాదు. ఏదో పని పెట్టుకుని బజారుకి వెళ్ళేది. పనుండి వెళుతోందనే అనుకునేవాణ్ణి."

 నాదీన్ నిన్నంతా అనుకున్న మాటలు చాలా ఉన్నాయి, పదునైనవి. వాటన్నిటినీ పక్కకి నెట్టింది.

"నేనూ మూడున్నరేళ్ళుగా అడగలేదు," అంది. "ఇప్పుడు అడుగుతున్నాను. రేపు ఆయనొచ్చినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాలి. మీరు చెప్పండి. చెప్పలేనంటే నేను చెప్తాను."

"జాబితాలో ముప్పైమంది ఉన్నారు. ఒక్కడు నోరిప్పాడంటే అందరూ పోతారు."

"పోతారు."

"దుకాణం పోతే నీ పనీ పోతుంది, తెలుసా?"

"తెలుసు." ఆవిడ తొట్టెకి దగ్గరగా జరిగింది. "దుకాణం సర్దడానికి ఇంకో మనిషిని చూసుకుందురు గాని."

ఓరిన్ ముఖం ఎర్రబడింది.  అప్పటికి ఉక్కు నల్లనీలంలోకి వచ్చేసింది, ఇంకో క్షణం ఉంచితే ఎర్రడాలు తిరుగుతుంది. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని బుట్ట పైకి లేపారు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు ఆవిడ తన ఏప్రాన్ మడిచి సంచీలో పెట్టుకుంది. మళ్ళీ ఏమనుకుందో, తీసి కొక్కేనికి తగిలించింది.

శుక్రవారం ఓరిన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. నాదీన్ ఒక్కొక్క ముక్కా నూనెగుడ్డతో తుడిచి బిగించింది. వెనక మట్టిగోడ దగ్గర ఏడు గుళ్ళు కాల్చి చూసింది. గుళ్ళు పడ్డచోటు మొత్తాన్ని ఒక బిస్కట్టు బిళ్ళ కప్పేస్తుంది. ముద్ర కొట్టే ఉక్కుకడ్డీ, సుత్తి ఓరిన్ బల్ల మీద ఉన్నాయి. ఆ పని ఒక్కటీ ఇప్పటికీ ఆయన తన చేత్తోనే చేస్తాడు, తలుపు వేసుకుని. ఆవిడ పిస్తోలు తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టి బయటికి వచ్చేసింది. సుత్తి దెబ్బ కోసం ఎదురుచూసింది. గోడ గడియారం కొట్టుకుంటోంది. నది మీద ఎవరో పడవ మోటారు వేశారు, అది దూరమైపోయింది. దెబ్బ వినపడలేదు.

పదకొండింటికి స్ట్రౌడ్ వచ్చాడు. నాదీన్‌కి తల ఊపి నేరుగా లోపలికి వెళ్ళాడు. నల్లటి గుడ్డ మీద పిస్తోలు చూడగానే టోపీ తీసేశాడు. చేతిలోకి తీసుకున్నాడు, స్లయిడు లాగి ఖాళీ చూసుకున్నాడు, కిటికీ వెలుగులో తిప్పాడు. మర్యాద కొద్దీ అయిదు నిమిషాలు మురిశాక, తన చిన్న స్క్రూడ్రైవరు తీసి పలక ఊడదీశాడు.

"టకెట్ గారూ... ముద్ర ఏది?"

"వెయ్యలేదు."

"మర్చిపోయారా?"

"నాది కాదు కాబట్టి వెయ్యలేదు." ఓరిన్ చేతులు జేబుల్లోంచి తీసి బల్ల మీద పెట్టాడు. రెండూ వణుకుతున్నాయి. స్ట్రౌడ్ వాటిని చూశాడు. "నాలుగేళ్ళుగా ఈ చేతులతో నేను చొక్కా గుండీ పెట్టుకోలేకపోతున్నాను. ఇది నాదీన్ కట్టింది. మొదటి స్క్రూ నుంచి చివరిదాకా."

స్ట్రౌడ్ నవ్వాడు, వేళాకోళం అనుకుని. నవ్వు ముఖం మీద ఉండగానే తిరిగి ఆవిడ వైపు చూశాడు. ఆవిడ ముఖం కాదు, చేతులు. గోళ్ళ చుట్టూ దిగిన నలుపు చూశాడు. మంగళవారం నాటి కప్పు గుర్తొచ్చిందేమో, చూపు తిప్పుకున్నాడు.

"సరే, ఇది ఈవిడ కట్టింది. అంతకుముందువి మీవే కదా. నా దగ్గర ఇంకో రెండున్నాయి. తొంభై ఒకటి నాటివి."

"బ్యారెల్ కూర్చింది నేనే. స్లయిడు అలా జారేలా చేసింది నేనే. అందులో నన్ను మించినవాడు ఆ రోజుల్లో లేడు, అది ఎక్కడైనా చెప్తాను," అన్నాడు ఓరిన్. "కానీ మీరు కళ్ళు మూసుకుని వేలితో తడుముతారు చూడండి, అది ఇమోజీన్ టకెట్. నా భార్య. నేను ఒక్క గీత కూడా గీయలేదు. నాకు రాదు."

ఇమోజీన్ పేరు చెప్పేటప్పుడు ఆయన గొంతు గట్టిగా ఉంది, బళ్ళో హాజరు పిలిచినట్టు.

స్ట్రౌడ్ పలక మళ్ళీ బిగించాడు. రెండు స్క్రూలూ జాగ్రత్తగా, గీత పడకుండా. పిస్తోలు గుడ్డ మీద పెట్టాడు.

"నేను టకెట్ పిస్తోలు కోసం అయిదేళ్ళు ఆగాను."

"అవును," అన్నాడు ఓరిన్. "పొరపాటు నాది."

"పని మాత్రం..." అని ఆగి, స్ట్రౌడ్ మొదటిసారి ముఖం చూసి నాదీన్‌తో మాట్లాడాడు. "పనిలో వంక పెట్టడానికేం లేదమ్మా. కానీ నేను వచ్చింది దీనికోసం కాదు." టోపీ పెట్టుకున్నాడు. బయట కారు స్టార్టయి, కదలకుండా చాలాసేపు అలాగే ఉంది. నాదీన్ కిటికీలోంచి చూస్తూ నిలబడింది. లోపలికి వస్తాడనుకుంది. కారు కంకర మీద నెమ్మదిగా తిరిగి రోడ్డెక్కిపోయింది.

గెలిచినట్టు ఉంటుందనుకుంది. అలా లేదు. కాళ్ళ కింద నేల కొంచెం తేలికైనట్టుంది, అంతే. బల్ల దగ్గర ఓరిన్ చిన్నగా కనబడ్డాడు, ఎవరో తెచ్చి కూర్చోబెట్టి మర్చిపోయిన మనిషిలా.

"సోమవారం కూర్చుని ముప్పైమందికీ ఉత్తరాలు రాద్దాం," అన్నాడు. "జరిగింది నా పేరుతో రాస్తాను. ఇకమీద కట్టేది నువ్వని నీ పేరుతో నువ్వు రాయి. ఉండేవాళ్ళు ఉంటారు."

"ఎంతమంది ఉంటారంటారు?"

"నలుగురు. అయిదుగురు. ఏమో." పిస్తోలు ఆవిడ వైపు తోశాడు. "దీనికి నీ ముద్ర వేసుకో."

"ఇంకా చేయించుకోలేదు కదా," అంది. "రేపు గేదర్ మాస్టారితో లీగుకి వెళ్తున్నాను. దీంతోనే కాలుస్తాను." కట్టిన పిస్తోళ్ళన్నీ పరీక్ష కోసమే కాల్చింది, ఏడేసి గుళ్ళు, ఎవరికోసమో. తనకోసం ఒక్కటీ కాల్చుకోలేదు.

తర్వాతి పని బల్ల మీద ఉంది, గీతలు పడని మరో ఫ్రేము. ఆవిడ వెళ్ళి కూర్చుంది. కొంతసేపటికి వెనక స్టూలు ఈడ్చిన చప్పుడయింది. ఓరిన్ వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు. మూడున్నరేళ్ళలో ఆయన అక్కడ ఎప్పుడూ నిలబడ్డమే గానీ కూర్చోలేదు.

"ఇమోజీన్ ఎలా పట్టుకునేదో కళ్ళకి తెలుసు," అన్నాడు. "చేతికి తెలీదు. ఎప్పుడైనా ఓసారి పట్టుకుని చూస్తానేమోనని, ఆవిడ ఆకురాయి నాకేసి చాపేది. నవ్వి వెళ్ళిపోయేవాణ్ణి."

నాదీన్ ఫ్రేము పక్కన పెట్టి, వైస్‌లో ఒక పనికిరాని ఉక్కుముక్క బిగించింది. దాని మీద నీలం రంగు పూసి ఆరనిచ్చింది. ఆకురాయి ఆయన చేతిలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే సరిచేసి, మోచేతిని పక్కటెముకకి చేర్చింది. ఆకురాయి మొన ఉక్కుని తాకి టకటకలాడింది. ఆయన తోశాడు. నీలంలో తెల్లగా ఒక గీత పడింది, వానపాము వెళ్ళిన దారిలా.

"వంకరగా పోయింది," అన్నాడు ఓరిన్.

"పోయింది. పక్కన ఇంకోటి గీయండి."

ఆయన ఆకురాయి వెనక్కి తెచ్చుకున్నాడు. పెదాలు బిగించి, మెడనరాలు పొంగేలా ఊపిరి బిగపట్టాడు.

"ఊపిరి వదలండి," అంది నాదీన్.